ఆఫీసు మూసి ఉన్నా మన లైను నుంచి విదేశాలకు కాల్స్: ఈపీఏబీఎక్స్, వాయిస్‌మెయిల్‌ను కాపాడుకోవడం ఎలా?

గంజాం లారీలు (బరంపురం)
అందరికీ నమస్కారం. మాది బరంపురంలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, ఇచ్ఛాపురంలో చిన్న బ్రాంచి ఉంది. డ్రైవర్లు, సరుకు పంపే వర్తకులు వేళాపాళా లేకుండా ఫోను చేస్తుంటారు. అందుకే ఆఫీసు మూశాక మాట రికార్డయ్యేలా వాయిస్‌మెయిల్ పెట్టించాం. ఒడియాలో, తెలుగులో పలకరింపు కూడా చేయించాం.

మా వీధిలోనే ఉన్న మరో సంస్థకు రజ పండుగ సెలవుల తరువాత వచ్చిన బిల్లులో సోమాలియా, గాంబియా పేర్లు కనిపించాయి. ఆ దేశాల్లో వాళ్లకు తెలిసిన మనిషి లేడు, సెలవుల్లో షట్టరు ఎత్తిందీ లేదు. టెలిఫోను కంపెనీ మాత్రం కాల్స్ మీ లైను నుంచే వెళ్లాయి కాబట్టి కట్టాల్సిందే అంటోంది. ఇంత చిన్న వ్యాపారాన్ని ఎవరు వెతికి పట్టుకున్నారు? మాదీ అదే రకం ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసులోని ఫోన్లన్నింటినీ బయటి లైన్లకు కలిపే పెట్టె. ముందుగా ఏం చేయాలో చెప్పండి.

పర్లాకిమిడి కంప్యూటర్స్
మిమ్మల్ని ఎవరూ వెతకరండీ. ప్రోగ్రాములే ఇంటర్నెట్ చిరునామాలన్నింటినీ ఒక్కొక్కటిగా తడుముకుంటూ పోతాయి. మీ పెట్టె ఇంటర్నెట్‌కు తగిలించి ఉండి, 5060 పోర్టు (ఇంటర్నెట్ ఫోన్లు వాడే ద్వారం) బయటికి తెరిచి ఉంటే కనెక్షన్ ఇచ్చిన కాసేపటికే ఎవరో ఒకరు తలుపు తడతారు. పెట్టెలో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి చూడండి. ‘ఫ్రెండ్లీ స్కానర్’ అనే పేరు కనిపిస్తే అది ఆ తడుముళ్లలో ఒకటి. పేరులో స్నేహం ఉన్నా పనిలో లేదు. ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి ఫోను) 201కి పాస్‌వర్డ్ కూడా 201 అని ఉంటే దొరికిపోవడానికి రెండో ప్రయత్నం అక్కర్లేదు.

మీ పెట్టె ఏ రకమో చెప్పండి. మామూలు రాగి తీగ లైన్లా, ఒకే కనెక్షన్‌లో 30 కాల్స్ పోయే పీఆర్ఐనా, ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంకా? దాన్ని బట్టి సమాధానం మారుతుంది.

గంజాం లారీలు
బరంపురంలో సిప్ ట్రంకు, దానితోపాటు పాత లైన్లు నాలుగు. ఇచ్ఛాపురంలో రెండు లైన్లు. రెండు ఆఫీసులనూ ఇంటర్నెట్ మీద కలిపారు. ఇక్కడి నుంచి అక్కడి ఎక్స్‌టెన్షన్‌కు నేరుగా నొక్కితే చాలు.

పాత ఎక్స్‌చేంజి (రాయగడ)
టెలిఫోను శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి. డబ్బు ఏ దారిలో పోతుందో తెలిస్తే తాళం ఎక్కడ వేయాలో మీకే తెలుస్తుంది.

మీ లైనులో దూరినవాడికి ఎవరితోనూ మాట్లాడే పని లేదు. నిమిషానికి ఎక్కువ ధర పలికే విదేశీ నంబర్లను ముందే అద్దెకు తీసుకుని ఉంటాడు. మీ లైను నుంచి వాటికి కాల్ పోయిందంటే మీ కంపెనీ అంతర్జాతీయ సంస్థకు చెల్లించాలి, అది అవతలి దేశపు సంస్థకు చెల్లించాలి. అందులో కొంత వాటా నంబర్లు అద్దెకిచ్చిన దళారికీ, అతని ద్వారా దొంగకూ చేరుతుంది. మీ బిల్లు అచ్చయ్యేనాటికి ఆ డబ్బు నాలుగు చేతులు మారి ఉంటుంది. మాఫీ చేయమంటే కంపెనీలు వెనకాడేది ఇందుకే.

లెక్క వేసి చూడండి. శనివారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 వరకు 36 గంటలు, అంటే 2,160 నిమిషాలు. నాలుగు లైన్లూ ఆగకుండా నడిస్తే 8,640 నిమిషాలు. నిమిషానికి 30 రూపాయలు అనుకున్నా 2,59,200 రూపాయలు. అదే 30 చానళ్ల పీఆర్ఐ అయితే దగ్గర దగ్గర 19 లక్షల 44 వేలు. ఒక్క ఆదివారంలో!

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని నార్‌క్రాస్ అనే ఊళ్లో ఏడుగురు పనిచేసే భవన నిర్మాణ డిజైన్ సంస్థకు 2014 మార్చిలో ఒక వారాంతంలో 1,66,000 డాలర్ల బిల్లు పడింది. గాంబియా, సోమాలియా, మాల్దీవులకు కాల్స్. అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి రాసింది. మీ వీధిలో కనిపించిన పేర్లే అక్కడా కనిపించాయి చూడండి.

జయపురం మిల్లు
మాది రైసు మిల్లు. ఇంత ప్రమాదం ఉంటే వాయిస్‌మెయిల్ తీసేస్తే పోతుంది కదా? అవసరం ఉన్నవాడు పొద్దున మళ్లీ చేస్తాడు. అసలు ల్యాండ్‌లైన్లు ఎందుకు, అందరికీ మొబైల్ ఉంది.

గంజాం లారీలు
మిల్లు గారూ, మీకు పొద్దున చేసినా సరిపోతుంది. మా డ్రైవరు ఘాటీలో బండి ఆగిపోయి అర్ధరాత్రి రెండింటికి చేస్తాడు. సిగ్నల్ దొరికిన ఆ రెండు నిమిషాల్లో ఎక్కడున్నాడో, సరుకు ఏమిటో చెప్పి పెట్టాలి. ఆ సందేశం విని తెల్లవారకముందే ఇంకో బండి పంపిన సందర్భాలు ఉన్నాయి. దొంగకు భయపడి డ్రైవరుకు తలుపు మూయలేను.

పాత ఎక్స్‌చేంజి
గంజాం వారి మాటే సబబు. వాయిస్‌మెయిల్ ఉండాలి, అందులోంచి బయటికి పోయే దారి ఉండకూడదు. రెండూ వేరు.

ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. రాత్రి మీ నంబరుకు కాల్ చేసినవాడికి పలకరింపు వినిపిస్తుంది. అది నడుస్తుండగానే నక్షత్రం గుర్తో, హ్యాష్ గుర్తో నొక్కితే చాలా పెట్టెలు మెయిల్‌బాక్స్ నంబరు, పిన్ అడుగుతాయి. అతను 201 నొక్కి, పిన్‌గా 1234, తరువాత 0000, తరువాత 2010 అలా ప్రయత్నిస్తాడు. 2011లో ఒక ఐఫోన్ యాప్ రూపకర్త వాడకందార్లు పెట్టుకున్న రెండు లక్షలకు పైగా సంకేతాలను పరిశీలిస్తే, పది సంకేతాలే మొత్తంలో 15 శాతం ఉన్నాయి. 1234 మొదటిది. మీటల మధ్య వరుసలో నిలువుగా దిగే 2580 కూడా ఆ పదిలో ఉంది. అంటే ఏడెనిమిది మెయిల్‌బాక్సులున్న ఆఫీసులో ఏదో ఒకటి తెరుచుకుంటుందని అతని ధీమా.

లోపలికి వచ్చాక మీ సందేశాలు వినడు. సందేశం పంపినవారికి తిరిగి కాల్ చేసే సదుపాయం ఉందా, కొత్త సందేశం వస్తే బయటి నంబరుకు కబురు చేసే సదుపాయం ఉందా, కాల్‌ను బయటికి మళ్లించవచ్చా, ఇవి చూస్తాడు. మళ్లింపు నంబరుగా సోమాలియా నంబరు పెట్టి ఫోను పెట్టేస్తాడు. ఆపైన మీ ఎక్స్‌టెన్షన్‌కు వచ్చే ప్రతి కాల్ మీ ఖర్చుతో అక్కడికి పోతుంది. సింహద్వారానికి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు, ఫైర్‌వాల్‌కు డబ్బు పోసి పిన్ 1234 వదిలేసిన ఆఫీసులు నేను చూశాను.

కాబట్టి పిన్ ఆరు అంకెలకు తగ్గకూడదు. నాలుగంకెల్లో పదివేల కలయికలు, ఆరంకెల్లో పది లక్షలు. మూడు తప్పులకు మెయిల్‌బాక్స్ మూసుకుపోవాలి. బయటికి డయల్ చేసే సదుపాయం మొత్తంగా ఆపేయాలి. ‘డీసా’ అని ఇంకొకటి ఉంటుంది. బయట ఉన్న యజమాని ఆఫీసుకు కాల్ చేసి, సంకేతం నొక్కి, ఆఫీసు లైను మీదుగా ఇంకొకరితో మాట్లాడే వీలు. ఎస్టీడీ ఖరీదుగా ఉన్న రోజుల్లో దానికి అర్థం ఉండేది. ఇప్పుడు మీ జేబులో మొబైల్ ఉండగా దాని అవసరమేమీ లేదు. తీసేయించండి.

రిసెప్షన్ అక్క (నర్సింగ్ హోం, రాయగడ)
పెద్దాయన చెప్పినది పెట్టె గురించి. మనుషుల దారి కూడా ఒకటుంది. మాకు ఒకసారి మధ్యాహ్నం ఫోను వచ్చింది. టెలిఫోను డిపార్టుమెంటు నుంచి, లైను పరీక్షిస్తున్నాం, ఈ కాల్‌ను ముందు సున్నా, తరువాత రెండు సున్నాలు ఉన్న ఈ నంబరుకు బదిలీ చేయండి అన్నాడు. మా దగ్గర సున్నా నొక్కితే బయటి లైను వస్తుంది, ఆ తరువాతి 00 అంటే విదేశం. నేను చేయను, మీ నంబరు ఇవ్వండి, మా డాక్టరు గారు మాట్లాడతారు అన్నాను. పెట్టేశాడు. కొత్తగా చేరే ఆడపిల్లలకు ఇది మొదటి రోజే చెబుతున్నాను. బదిలీ మన ఎక్స్‌టెన్షన్లకే, బయటి నంబరుకు ఎవరడిగినా లేదు. హడావుడి పెట్టి మాట్లాడేవాడిని చూసి భయపడకూడదు, పేషెంట్ల బంధువుల ఫోన్లు వరుసలో ఉన్నా సరే.

పాత ఎక్స్‌చేంజి
బాగా చేశావమ్మా. అమెరికాలో ఇది పాత మోసం. అక్కడ తొమ్మిది, సున్నా, హ్యాష్ నొక్కి బదిలీ చేయమనేవారు. బయటి కాల్‌ను మళ్లీ బయటికే కలిపే సదుపాయాన్ని పెట్టెలోనే ఆపేయవచ్చు. అప్పుడు పొరపాటున ఎవరైనా నొక్కినా పోదు.

పర్లాకిమిడి కంప్యూటర్స్
ఇక ఇంటర్నెట్ వైపు సంగతి. పెట్టెను అమర్చేవాళ్లు విశాఖ నుంచో, భువనేశ్వర్ నుంచో వస్తారు. చిన్న మార్పుకు మళ్లీ ఇంతదూరం రాలేక దూరం నుంచి సరిచేయడానికి వెబ్ పేజీని బయటికి తెరిచి పెడతారు. యజమానికి ఆ సంగతి తెలియదు. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. మీ పెట్టె మోడల్ పేరు, దాని పక్కన ‘డీఫాల్ట్ పాస్‌వర్డ్’ అని వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ కనిపించేది ఇదే.

మీ రౌటర్‌లో 5060, ఆ వెబ్ పేజీ పోర్టు బయటికి తెరిచి ఉన్నాయేమో చూడండి. ట్రంకు ఇచ్చిన కంపెనీ చిరునామాల నుంచి మాత్రమే అనుమతించండి. టెక్నీషియన్‌కు దూరం నుంచి పని ఉంటే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివారు చొరబడలేని సొంత దారి) మీద రమ్మనండి, పని కాగానే ఆపండి. ఇచ్ఛాపురం కలయిక కూడా వీపీఎన్ లోపలే ఉండాలి. ఆస్టరిస్క్ అనే ఫోను సాఫ్ట్‌వేర్ మీద నడిచే పెట్టె అయితే అనామక కాల్స్‌ను అనుమతించే అమరిక ‘నో’లో ఉండాలి, వరుస తప్పులు చేసిన చిరునామాను అడ్డగించే ఫెయిల్‌టుబ్యాన్ నడుస్తుండాలి. అంతా చేశాక కూడా అప్‌డేట్లు వేస్తూ ఉండాలి. పాత వెర్షన్లలో పాస్‌వర్డ్ లేకుండానే దూరే లొసుగులు బయటపడుతుంటాయి.

బరంపురం లాడ్జి
మాకు గది గదికీ ఫోను ఉంది. అతిథులు అడిగితే ఐఎస్‌డీ ఇవ్వాలి కదా? మొత్తం ఆపేస్తే ఎలా?

పర్లాకిమిడి కంప్యూటర్స్
ఈ రోజుల్లో గదిలోంచి విదేశానికి ఎవరు చేస్తున్నారండీ, అందరూ వాట్సాప్ మీదే కదా. గదుల ఎక్స్‌టెన్షన్లకు లోకల్, ఎస్టీడీ వరకే ఇవ్వండి. ఎవరైనా అడిగితే కౌంటరులోని ఒక్క ఫోను నుంచి, సంకేతం నొక్కితేనే పోయేలా పెట్టండి. అమెరికాకు ఇస్తే చాలు అనుకుని 1తో మొదలయ్యేవన్నీ తెరవకండి. జమైకా, గ్రెనడా లాంటి కరీబియన్ ద్వీపాలు కూడా ఆ 1లోనే ఉంటాయి. 881, 882, 883తో మొదలయ్యేవి ఉపగ్రహ, అంతర్జాతీయ నెట్‌వర్కుల నంబర్లు. వాటితో లాడ్జికి పని లేదు.

పాత ఎక్స్‌చేంజి
ఇప్పటివరకు చెప్పినవన్నీ మీ గోడ లోపలి తాళాలు. వాటికన్నా ముందు వేయాల్సింది టెలిఫోను కంపెనీ దగ్గర వేసే తాళం. మీ పెట్టెను ఎవరు ఎంత ఆక్రమించినా కంపెనీ వైపు ఐఎస్‌డీ ఆపి ఉంటే కాల్ పోదు. గంజాం గారూ, మీకు విదేశీ కాల్స్ అవసరం ఉందా?

గంజాం లారీలు
ఎప్పుడూ లేదండీ. విశాఖ, సూరత్, కోల్‌కతా, అంతే.

పాత ఎక్స్‌చేంజి
అయితే రేపే రాసి ఇవ్వండి. ఫోనులో చెప్పి వదిలేయకండి, కాగితం మీదో, మెయిల్‌లోనో ఇవ్వండి. సిప్ ట్రంకుకు, నాలుగు లైన్లకు వేరువేరుగా నంబర్లు రాయాలి. ట్రంకు మీద ఆపించి పాత లైన్లు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకొకటి, మీకు ప్రత్యేకం. బరంపురం ఒడిశా సర్కిల్‌లో ఉంది, ఇచ్ఛాపురం ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో. రెండు ఖాతాలు, రెండు ఆఫీసులు. ఇక్కడ ఇచ్చిన దరఖాస్తు అక్కడ పనిచేయదు. రెండు ఆఫీసుల పెట్టెలూ కలిపి ఉన్నాయి కాబట్టి బరంపురంలో దూరినవాడు ఇచ్ఛాపురం లైను పట్టుకుని బయటికి పోగలడు. ఈ సరిహద్దు ఊళ్లలో నేను చూసినంతలో జనం వదిలేసే సందు ఇదే.

దాంతోపాటు ఖర్చు పరిమితి పెట్టమనండి. ఒకేసారి ఎన్ని కాల్స్ బయటికి పోవచ్చో ట్రంకు మీద పరిమితి పెట్టించవచ్చు. సిప్ ట్రంకు ముందుగా డబ్బు కట్టే పద్ధతిలో ఉంటే దానంతట అదే మళ్లీ డబ్బు నింపుకునే సదుపాయాన్ని ఆపండి. ఖాతాలో రెండు వేలు ఉంటే పోయేది రెండు వేలే.

జయపురం మిల్లు
సరే, వాయిస్‌మెయిల్ విషయంలో ఒప్పుకుంటున్నాను. మొబైల్ మీదే నడిపితే ఈ బాధ లేదన్నది మాత్రం ఇంకా నా అభిప్రాయం.

పర్లాకిమిడి కంప్యూటర్స్
మొబైల్‌కూ దాని బాధ దానికుంది. కొరియర్ పేరుతోనో, కస్టమర్ కేర్ పేరుతోనో ఫోను చేసి *401# తరువాత ఒక నంబరు కలిపి నొక్కమంటారు. నొక్కితే మీ కాల్స్ అన్నీ వాళ్లకు మళ్లుతాయి, ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా. టెలికాం శాఖ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. 2024 ఏప్రిల్ 15 నుంచి అలా మీటలు నొక్కి కాల్ మళ్లించే సేవను ఆపమని కంపెనీలను ఆదేశించింది కూడా. పైగా మిల్లులో అందరి దగ్గరా సొంత మొబైలే ఉంటే, మనిషి మానేసిన రోజున ఖాతాదారులు కూడా అతనితోనే పోతారు.

జయపురం మిల్లు
ఆ చివరి మాట నిజం. అలా పోయిన ఖాతాదారులు నాకున్నారు. మా ల్యాండ్‌లైన్‌కు కూడా ఐఎస్‌డీ ఆపమని రాసి ఇస్తాను.

గుణుపురం వకీలు
చట్టం వైపు సంగతి రాస్తాను, ముఖ్యంగా ఇప్పటికే బిల్లు పడిన ఆ పక్క సంస్థ కోసం.

ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి అనుమతి లేకుండా చొరబడటం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈపీఏబీఎక్స్ కూడా ఆ నిర్వచనంలోకి వస్తుందని వాదించవచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయాలి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. కంప్యూటర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటును గమనించిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. లాగ్‌లు చెరిపేసి పెట్టెను కొత్తగా అమర్చే టెక్నీషియన్లు ఉంటారు. ముందు నకలు తీయించండి, అది లేకపోతే మీ వాదనకు ఆధారం ఉండదు.

బిల్లు గురించి మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో రాయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోవాలి. తృప్తి కలగకపోతే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు కమిషన్ పరిధిలోకి రావని కంపెనీలు వాదించేవి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే లేదా పనిచేసే జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి పోనక్కరలేదు. అయితే వాణిజ్య ప్రయోజనానికి తీసుకున్న సేవకు ఆ చట్టం వర్తించదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకున్నవారికి ఒక మినహాయింపు ఉంది, కానీ 2019 చట్టంలో అది కొన్న వస్తువుల గురించే రాసి ఉంది, సేవలకు కూడా వర్తించాలని వాదించాల్సి ఉంటుంది. కుటుంబం నడిపే చిన్న ఆఫీసు అయితే ఆ మాట ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి.

వివాదం లేని మొత్తాన్ని మాత్రం గడువులోగా కట్టేయమనండి. అది కూడా ఆపితే లైను కోయడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది.

గంజాం లారీలు
వకీలు గారికి కృతజ్ఞతలు. పక్క సంస్థ వారికి ఇది మొత్తం చదివి వినిపించాను. మా వరకు ఒడిశా సర్కిల్‌లో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇచ్ఛాపురం దరఖాస్తుతో మా తమ్ముడు వెళ్తున్నాడు. పర్లాకిమిడి వారు చెప్పినట్టు చూస్తే వెబ్ పేజీ నిజంగానే బయటికి తెరిచి ఉంది. మూయించాం. ఇంకో సందేహం. నిరుడు మానేసిన బుకింగ్ గుమాస్తా మెయిల్‌బాక్స్ 207 ఇంకా ఉంది. పాత ఖాతాదారులు అప్పుడప్పుడు అందులో సందేశం పెడుతుంటారని తీయలేదు.

పాత ఎక్స్‌చేంజి
తీసేయండి. ఎవరూ వినని మెయిల్‌బాక్స్‌లో మార్పు జరిగితే చూసేవాళ్లుండరు, దొంగ మొదట వెతికేది అలాంటిదే. 207కి వచ్చే కాల్స్ నేరుగా 201కి పోయేలా పెట్టండి, ఖాతాదారులకు తేడా తెలియదు. ఉన్న మెయిల్‌బాక్సుల పలకరింపులను కూడా వారానికోసారి బయటి ఫోను నుంచి వినండి. పలకరింపు మారి ఉంటే ఎవరో లోపలికి వచ్చినట్టే.

కాల్ రికార్డు కూడా ప్రతి సోమవారం పొద్దున చూడాలి. పెద్ద దాడికి ముందు చిన్న పరీక్ష కాల్స్ ఉంటాయి. రాత్రిపూట, కొన్ని సెకన్లు, ఎప్పుడూ చేయని దేశానికి. 252 సోమాలియా, 220 గాంబియా, 960 మాల్దీవులు, 371 లాత్వియా, 53 క్యూబా. ఇప్పుడు మీకు ఐఎస్‌డీ ఆగిపోతుంది కాబట్టి ఆ కాల్స్ విఫలమైనట్టు రికార్డులో కనిపిస్తాయి. విఫలమైందని వదిలేయకండి, ఆ కాల్ ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి బయలుదేరిందో చూసి దాని పిన్ అప్పుడే మార్చండి.

రిసెప్షన్ అక్క
మా డాక్టరు గారు కూడా దరఖాస్తు రాయమన్నారు. గంజాం అన్నయ్యా, మీరు ఇచ్చిన కాగితంలోని మాటలు ఇక్కడ పెట్టగలరా?

గంజాం లారీలు
ఇదిగోనమ్మా. నంబర్లు మీవి వేసుకోండి: ‘మా సంస్థ పేరున ఉన్న ఈ కింది నంబర్లన్నింటి నుంచి అంతర్జాతీయ కాల్స్ సదుపాయాన్ని పూర్తిగా నిలిపివేయగలరు. మా లిఖితపూర్వక అనుమతి లేకుండా తిరిగి ఇవ్వరాదు. ట్రంకు మీద ఒకేసారి రెండుకు మించి బయటి కాల్స్ పోకుండా పరిమితి పెట్టగలరు. నెల ఖర్చు మామూలును దాటితే ఈ మొబైల్ నంబరుకు వెంటనే తెలియజేయగలరు. ఈ మార్పులు అమల్లోకి వచ్చిన తేదీని రాతపూర్వకంగా తెలుపగలరు.’ చివరి వాక్యం వకీలు గారు చేర్చమన్నారు. దరఖాస్తు ఇచ్చిన తేదీ వేరు, అమలైన తేదీ వేరు అవుతుందట.